కూడు కోసం ఆఫ్రికా

శుక్రవారం ఉదయం యాదలక్ష్మి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి తుపాకీ పెట్టెతో ఆటో ఎక్కాలి. పదింటికి పోలీస్ స్టేషన్‌లో ఎస్సై తుపాకీ మీది నంబరూ, లైసెన్సు మీది నంబరూ సరిచూసి ఉత్తరం మీద సంతకం పెట్టాలి. పన్నెండింటికల్లా దిల్‌సుఖ్‌నగర్ తిరిగొచ్చి, అన్నం తిని, బట్టలు సర్దుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం విమానం. సోమవారానికి నమీబియా.

ఆమెకు యాభై ఏడేళ్లు. సర్కారు బళ్లలో ముప్ఫై ఏళ్లు ఆటలు నేర్పే పీఈటీగా చేసి, గడువుకు ముందే స్వచ్ఛందంగా రిటైరయింది. ఈల పక్కన పెట్టి రెండేళ్లయినా గొంతు మాత్రం ఇంకా గ్రౌండ్‌లోనే ఉంది. మునుగోడు దగ్గరి ఊళ్లో ఆమె తండ్రికి లైసెన్సు రైఫిల్ ఉండేది. ఆయన పోయాక అది అన్ని కాగితాలతో సహా ఆమె పేరు మీదికి మారింది. చేన్లు పాడుచేసే అడవిపందులను కొట్టడానికి పంచాయతీలు అనుమతిచ్చి పిలిపించే షూటర్లలో ఆమె ఒకతె. పంట నష్టం మీద హైదరాబాద్‌లో జరిగిన ఒక మీటింగుకు నమీబియా నుంచి వచ్చిన రైతు ఆమె గురి సంగతి విని, తమ దేశంలో లైసెన్సు మీద జరిగే వేటకు రమ్మని పిలిచాడు. అక్కడ కొట్టాల్సింది గుర్రమంత ఎత్తుండే, మెలికలు తిరిగిన కొమ్ములుండే ఒక జింకను. దాని పేరు కూడు. మనం తినే కూడుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఆమె వెళ్తానన్న రోజు నుంచి వద్దనని మనిషి లేడు. "ఈ వయసుల తుపాకి పట్టుకొని ఆఫ్రికా ఏందక్కా? నలుగురు నవ్వుతరు," అన్నాడు ఎల్బీనగర్‌లో ఉండే తమ్ముడు సాయికుమార్. "నవ్వనీయ్. నవ్వెటోళ్లు పందిని చూస్తె చెట్టెక్కుతరు," అంది యాదలక్ష్మి. భర్త శంకరయ్య మాత్రం ఏమీ అనలేదు. పోచంపల్లి నేతవాళ్లింట పుట్టి, చీరల దుకాణంలో జీవితమంతా మెత్తగా మాట్లాడిన మనిషి. ఆయన మౌనం కూడా వద్దనడమేనని ఆమె లెక్కలో వేసుకుంది.

ఆ ఉదయం ఆటో కోసం గేటు దగ్గర నిలబడితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుడు ప్రసన్నకుమార్ ఎదురొచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డాడు. నోటీసు బోర్డు మీద అప్పుడే 'ఇళ్లల్లో ఆయుదాలు ఉంచరాదు' అని ఒక కాగితం అంటించాడు.

"టీచరుగారూ, ఇది ఫ్యామిలీలు ఉండే చోటండీ. ఆయుధాలూ అవీ ఇంట్లో పెట్టుకుంటే ఎలాగండీ? పైగా మూగజీవాల్ని చంపడానికి అంతదూరం వెళ్లడమేంటండీ?"

"ప్రతి ఆదివారం మీ ఇంట్లకెళ్లి మటన్ వాసనొస్తది. ఆ మేక ఏమన్న మాట్లాడేదా?" అంది యాదలక్ష్మి. బోర్డు వైపు చూసి, "ఆయుధంల ఒత్తు ధ రాయాలె సార్. సరిచేసి మల్ల అంటియ్యిండ్రి," అని ఆటో ఎక్కింది.

పెట్టె నాలుగడుగుల పొడవు, అల్యూమినియంది, నాలుగంకెల తాళంతో ఉంది. అది నిన్నటికన్నా బరువనిపించింది. ప్రయాణం హడావుడిలో ఒళ్లలిసిందని సర్దుకుంది. భర్తకు చెప్పి వద్దామనుకుంది గానీ, ఆయన పొద్దున్నే కొత్తపేట రైతుబజార్‌కు వెళ్లిపోయాడు.

స్టేషన్‌లో ఎస్సై మహిపాల్ కుర్రవాడు. తుపాకీతో విదేశానికి వెళ్తానన్న అర్జీ ఆయన చేతికి రావడం అదే మొదటిసారి.

"విమానంల తుపాకి పట్టుకపోనిస్తరా మేడం?"

"ఒళ్లె పెట్టుకొని కూసోనియ్యరు సార్. తాళమేసిన పెట్టెల పెట్టి, గుండ్లు వేరేగ పెట్టి, కౌంటర్ల అప్పజెప్పాలె. విమానమోళ్ల పర్మిషనుంది, ఆ దేశపోళ్లదుంది, కస్టమ్స్ కాగితముంది. మీ సంతకమొక్కటే తక్కువ."

"సరే, తెరువుండ్రి."

ఆమె తాళం మీద ఒకటి, ఒకటి, సున్నా, ఐదు తిప్పింది. మే పదకొండు, వాళ్ల పెళ్లిరోజు. తాళం రాలేదు. మళ్లీ తిప్పింది. రాలేదు. శంకరయ్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తొమ్మిదిసార్లు చేసినా అంతే.

కానిస్టేబుల్ పెట్టెను ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల గలగలమంది.

"సార్, తుపాకి సప్పుడు గిట్లుండది," అన్నాడు.

పెట్టెను టేబుల్ మీద నిలువుగా పెట్టగానే కింది మూల నుంచి ఎర్రటి చుక్క ఒకటి జారి ఫైలు మీద పడింది. దాని వెనకే మరొకటి. కానిస్టేబుల్ గొంతు సన్నబడింది. "సార్... రక్తం."

మహిపాల్ కుర్చీ వెనక్కి జరిపాడు. "మేడం, ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేను, మా ఆయన."

"ఆయనను పిలువుండ్రి."

"పొద్దటిసంది ఫోనెత్తుతలేడు. మీరు జూస్తనే ఉన్నరు గదా."

మహిపాల్ పెట్టె వైపు చూశాడు. కానిస్టేబుల్ కూడా చూశాడు. తర్వాత ఎస్సై అర్జీలో రాసి ఉన్న అసోసియేషన్ నంబరుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"శంకరయ్యగారా? పొద్దుట్నుంచీ కనపళ్లేదండీ," అన్నాడు ప్రసన్నకుమార్. "నేను చెబితే బాగోదు గానీ, నిన్న సాయంత్రం బాల్కనీలో ఆవిడ గట్టిగా అరుస్తుంటే విన్నానండీ. కూడు సంగతేదో అంటూ, ఒక్క దెబ్బకే చంపేస్తాను, రెండో గుండు అక్కర్లేదు అన్నారండీ. కూటి దగ్గర గొడవనుకుంటానండీ. ఆ ఇంట్లో వంట ఆయనదే మరి."

"అయ్యో, నేను ఫోన్ల మాట్లాడింది కూడు గురించి!" అంది యాదలక్ష్మి.

"అదే గదా మేడం ఆయన చెప్తున్నది," అన్నాడు మహిపాల్.

"సార్, మా ఆయన అయిదడుగుల ఎనిమిదంగుళాలుంటడు. పెట్టె నాలుగడుగులు. ఎట్ల పడుతడు?"

"మడతపెడితె..." అని గొణిగాడు కానిస్టేబుల్.

"మడతబెట్టనీకి ఆయనేమన్న పోచంపల్లి చీరనా?" అని ఆమె టేబుల్‌ను అరచేత్తో చరిచింది. ఇంకో రెండు ఎర్ర చుక్కలు రాలాయి. ఏం కారుతోందో ఆమెకూ అర్థం కాలేదు. కానీ ముప్ఫై ఏళ్లలో పిల్లల ముందు ఎన్నడూ తడబడలేదు, ఈ పిల్లవాడి ముందు తడబడతుందా? "పగలగొట్టి చూడుండ్రి. నేను ఏడికి పోను. ఆదివారం నమీబియా తప్ప."

తాళాలు తీసే మనిషిని పిలిపించారు. అతను సుత్తీ పుల్లలూ తీసి, కానిస్టేబుల్ చెవిలో చెప్పింది విని, మళ్లీ సంచిలో పెట్టేశాడు.

"తుపాకంటె తెరుస్త సార్. శవమంటె నాతోని కాదు. ఏందో కాయితం మీద రాసియ్యిండ్రి."

"తెరువంది ఎట్ల రాస్తనయ్యా?"

"రాయంది ఎట్ల తెరుస్త సార్?"

ఇద్దరూ ఎవరి పట్టు మీద వాళ్లుండగా బయట ఆటోలు ఆగాయి. ఫోన్ పెట్టేసిన నిమిషంలోనే ప్రసన్నకుమార్ అపార్ట్‌మెంట్ గ్రూపులో కబురు పెట్టేశాడు. మూడంతస్తుల జనం దిగారు. పక్కింటి తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "దేవునసొంటి మనిషి. మొన్ననే నాకు కరివేపాకు ఇచ్చిండు," అని ప్రతి ఒక్కరికీ చెబుతోంది. ఎవరో ఫోన్ చేస్తే సాయికుమార్ కూడా పరుగున వచ్చి, "నేను ముందే చెప్పిన గదనే అక్కా, తుపాకి పెట్టుకోకు అని," అన్నాడు.

"తుపాకితోని కాదంటున్నరు, మడతబెట్టి చంపిన్నట," అంది యాదలక్ష్మి. "సక్కగ తెలుసుకొని ఏడువుండ్రి."

అన్నదే గానీ, ఆమె చెయ్యి మాత్రం పదోసారి ఫోన్ నొక్కుతూనే ఉంది. రోడ్డు దాటేటప్పుడు ఆయన అటూ ఇటూ చూడడు. కొత్తపేట దగ్గర బస్సులు ఆగవు. ఆ భయం మాత్రం ఆమె ఎవరికీ కనపడనివ్వలేదు.

ఇక లాభం లేదని ఎస్సై ఏదో రాసిచ్చాడు. తాళాల మనిషి సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే జనం వెనక నుంచి ఒక మెత్తటి గొంతు వీలైనంత గట్టిగా అరిచింది.

"ఆగుండ్రి! కొట్టకుండ్రి! తొక్కంత పోతది!"

శంకరయ్య. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో బెండకాయలు. ఫోన్ ఇంట్లో ఛార్జింగుకు పెట్టి మరిచిపోయి వెళ్లాడు. తిరిగొస్తే బిల్డింగు మొత్తం ఖాళీ. వాచ్‌మన్ ఆయన్ని చూసి కేకపెట్టి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పాడు. తిరుపతమ్మ ఏడుపు మధ్యలో ఆపి, "అన్నా, నువ్వు బతికున్నవా!" అంది. కాస్త నిరాశగానే అందని తర్వాత కొందరన్నారు.

"ఏం తొక్కు?" అన్నాడు మహిపాల్.

"మామిడికాయ తొక్కు సార్. సీస మూత లూజున్నట్టుంది." శంకరయ్య పెట్టె ముందు కూర్చుని ఒకటి, రెండు, సున్నా, ఐదు తిప్పాడు. "మా పెండ్లిరోజు పెట్టిన."

"మన పెండ్లి పదకొండు," అంది యాదలక్ష్మి.

"ముహూర్తం రాత్రి పన్నెండు దాటినంక లక్ష్మీ. అప్పటికి తారీఖు మారింది."

తాళం టక్కున ఊడింది. లోపల తుపాకీ ఆకారంలో కోసిన స్పాంజి మీద సకినాలు, గారెలు, మురుకులు, పల్లీల పొడి, నువ్వుల ఉండలు పొట్లాలు పొట్లాలుగా పేర్చి ఉన్నాయి. వాటి మీద ఒరిగిన తొక్కు సీసా నుంచి ఎర్రటి నూనె ఇంకా కారుతోంది.

"తుపాకేది?" అంది యాదలక్ష్మి. ఆ అరుపుకు బయట రోడ్డు మీది ఆటో ఒకటి ఆగింది.

"బీరువల, నీ పట్టుచీరల కింద భద్రంగ పెట్టి తాళమేసిన. నువ్వే గద పోయినవారం ఫోన్ల ఎవరితోనో చెప్పినవు, ఆడ కూడు దొరుకుడు మస్తు కష్టం, రోజంత నడిస్తె ఒక్కసారి కనపడ్తది, ఒక్కోసారి అది గూడ లేదు అని. ఎనిమిది దినాలు తిండి లేకుండ ఎట్లుంటవు? తుపాకిని కౌంటర్ల అప్పజెప్తనన్నవు, పెట్టె సామానుకే అనుకున్న. ఎవలన్న తీస్తరని నంబరు గూడ మార్చిన."

"కూడంటె జింక!"

శంకరయ్య తొక్కు సీసా తీసి మూత బిగించాడు. "జింకకు కూడని పేరెవడు పెట్టిండు?" అన్నాడు.

యాదలక్ష్మి సకినాల పొట్లాల వైపు చూసింది. నాలుగు రోజులుగా ఆమె వాకింగు నుంచి తిరిగొచ్చేసరికి ఇంట్లో నూనె వాసన ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. ఒక్కమాటా మాట్లాడని మనిషి వద్దంటున్నాడనుకుంది. ఆయన వండుతున్నాడు. ఒక పొట్లం విప్పి సకినం కొరికి, నమిలి మింగాకే ఎస్సై వైపు తిరిగింది.

"సార్, తుపాకి ఇంట్లుంది. నడువుండ్రి, చూసి సంతకం పెడుదురు," అంది.

"లైసెన్సు మీది, ముట్టింది ఆయన. కేసు పెట్టచ్చు తెల్సా మేడం?"

"పెట్టుండ్రి. బతికున్న మనిషి శవం కోసం పెట్టె పగలగొట్టనీకి మీరు రాసిచ్చిన కాయితం గూడ అదే ఫైల్ల పెట్టుండ్రి."

మహిపాల్ ఫైలు మూశాడు. అరగంట తర్వాత దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాటులో పట్టుచీరల కింద నుంచి తీసిన రైఫిల్ నంబరు సరిచూసి, సంతకం పెట్టి, "ఇంకోసారి మీరు తప్ప ఎవరు ముట్టొద్దు," అని శంకరయ్యను బెదిరించి, రెండు సకినాలు తిని వెళ్లాడు. మెట్ల మీద నిలబడి ఉన్న ప్రసన్నకుమార్‌తో యాదలక్ష్మి, "మీ గ్రూపుల మా ఆయన బతికే ఉన్నడని గూడ రాయిండ్రి. ఒత్తులు చూసుకొని," అంది.

ఆదివారం విమానాశ్రయంలో తుపాకీ రాజులా నడిచింది. పోలీసు ఉత్తరం, కస్టమ్స్ కాగితం, నమీబియా అనుమతి, గుండ్ల డబ్బా బరువు, అన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా ముద్రలు పడ్డాయి. ఇంత పద్ధతిగా ఎవరూ రాలేదని కస్టమ్స్ అధికారి మెచ్చుకున్నాడు. యాదలక్ష్మి వెనక్కి తిరిగి తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. కౌంటర్‌లో జ్యోతిక అనే అమ్మాయి పాస్‌పోర్టు తిప్పి చూసి తలెత్తింది.

"మేడం, ఎల్లో ఫీవర్ టీకా కార్డు?"

"తుపాకికా?"

"మీకు మేడం. మీరు విమానం మారే దేశం వల్ల అది ఉండాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది."

యాదలక్ష్మి దగ్గర లేదు. ఆరు నెలలుగా ఆమె, పోలీసులు, కస్టమ్స్, తమ్ముడు, అసోసియేషన్ అధ్యక్షుడు, అందరూ తుపాకీ కాగితాలే చూశారు. మనిషి కాగితాలు ఎవరూ చూడలేదు. జ్యోతిక పై అధికారిని అడిగొచ్చి చాలా మర్యాదగా చెప్పింది. "తుపాకీకి అన్నీ సరిగ్గా ఉన్నాయి మేడం. మీకే కుదరదు."

సాయికుమార్ ముఖం వెలిగింది. "దేవుడే ఆపిండక్కా. ఇంటికి పోదాం పా."

"ఆపింది దేవుడు కాదురా, దోమ," అంది యాదలక్ష్మి. "దోమకు భయపడి ఆగుతనా?" టికెట్ మూడు వారాల తర్వాతి ఆదివారానికి మార్పించి, తుపాకీ పెట్టెను తనే ఎత్తుకుని బయటికి నడిచింది. పోలీసు ఉత్తరం మూడు నెలలు చెల్లుతుంది. సంచిలో ఉన్న సకినాలు చెల్లవు కాబట్టి, మళ్లీ వండాల్సి వస్తుందని శంకరయ్య దారి పొడుగునా పిండి లెక్కలు వేసుకున్నాడు.

టీకాకు నంబరు దొరికిన రోజున క్యూలో అందరికన్నా ముందు ఆమే ఉంది. నర్సు సూది సిద్ధం చేసి, "ఏ చేతికి వెయ్యాలమ్మా?" అని అడిగింది.

"ఎడమ చేతికెయ్యి బిడ్డా," అంది యాదలక్ష్మి. "కుడిచేతికి ఆఫ్రికాల పనుంది."