తాడుకు రెండో కొస

సేఫ్టీ బెల్టు కొక్కేన్ని దేనికీ తగిలించకపోవడమే కార్మికుడికి అసలైన రక్షణ. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

రూలు ఏమంటుంది? ఎత్తులో పనిచేసేవాడు బెల్టు కట్టుకోవాలంటుంది. కట్టుకున్నాడు కదా! బెల్టు వెనక వేలాడే తాడును కూడా ఎక్కడో కట్టాలని ఈ గోలేమిటి? తోక కట్టేస్తే ఏ కోతైనా కొమ్మలెక్కుతుందా? తాడు తగిలించిన మనిషికి ధీమా పెరుగుతుంది. ప్రాణభయం ఉంటేనే గోడకు రంగు నున్నగా పడుతుంది!

ఇంత శాస్త్రమూ ఒక రంగులాయన భార్యకు మాత్రం తలకెక్కలేదు. కొత్త భవనం డాబా మీద ఆమె రంగు కలిపి డబ్బాలు దించుతుంది. మొగుడు పిట్టగోడ కింద, పై అంతస్తు సజ్జా మీద నిలబడి గోడకు వేస్తాడు. అతని నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు చివర కొక్కెం. ఆ కొక్కెం డాబా మీద ఆమె కాళ్ల దగ్గర పనీపాటా లేకుండా పడి ఉంటుంది.

నిన్న తడి సజ్జా మీద అతని కాలు జర్రున జారింది. ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఆమెకు రాత్రి ముద్ద దిగలేదు.

పొద్దున్నే సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి పోయి, గోడకో ఇనుప రింగు వేయించమంది. రంధ్రం పడితే ఎలివేషన్ పాడై భవనం అందం పోతుందన్నాడు. పోనీ నీళ్ల పైపుకు తగిలిస్తానంది. పైపు విరిగితే ఎవరు జవాబు చెబుతారన్నాడు. ఎంత ముందుచూపు!

"మరి మనిషి జారితే సార్?"

"అంత జాగ్రత్తగల మనిషి ఎందుకు జారతాడమ్మా?"

ఆమె డాబా ఎక్కింది.

"ఏమే, డబ్బా దించు," అన్నాడు మొగుడు కింద నుంచి.

"డబ్బా దిగుతుందిలే. నువ్వు మాత్రం మెట్ల మీదుగానే దిగు."

అంతలో ఆఫీసరు సేఫ్టీ రిపోర్టులో పెట్టే ఫొటో కోసం పైకొచ్చాడు. పిట్టగోడ మీంచి వంగి ఫోన్ పట్టాడు.

"బెల్టు కట్టుకున్నావా?"

"కట్టుకున్నా సార్."

"శభాష్. ఇటు చూసి నవ్వు."

వెనక టక్కుమంది. ఆఫీసరు నడుం తడుముకున్నాడు. కొక్కెం ఆయన తోలు బెల్టుకు తగిలి ఉంది.

"ఏమ్మా, ఇదేంటి?"

"గోడకు వద్దన్నారు, పైపుకు వద్దన్నారు. ఇక గట్టిగా కనబడింది మీరే కద సార్."

"తియ్యి ముందు. అతను జారితే నేనూ పోతాను."

"జాగ్రత్తగల మనిషి సార్. ఎందుకు జారతాడు?"

"ఏమైందే పైన?" అన్నాడు మొగుడు.

"ఏం లేదయ్యా. నీ తాడుకు తోడు దొరికింది."

మనిషి జారతాడన్న సంగతి ఆ భవనం మీద సేఫ్టీ వారి నోట వినబడటం అదే మొదలు. మధ్యాహ్నానికి డ్రిల్లు మిషనొచ్చింది, గోడకు రింగు దిగింది. ఎలివేషనా? దానికేం, నిక్షేపంలా ఉంది. రింగు మీద కూడా రంగులాయనే ఒక పూత పూశాడు.

అయినా నా మాట నేను వెనక్కి తీసుకోను. గోడలకు రంధ్రాలు వద్దేవద్దు. రూలులో ఒక్క ముక్క చేరిస్తే చాలు: తాడుకు ఒక కొస పైకెక్కినవాడి నడుముకు, రెండో కొస ఎక్కమన్నవాడి నడుముకు.

అప్పుడు చూడండి, గోడలకు రింగులు వాటంతటవే మొలుస్తాయి!