కుడివైపు జేబు

ఆ గురువారం పొద్దున విఠల్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త షేర్వానీ తొడుక్కుని, మొఘల్‌పురాలోని తన ఇంటినుంచి నడిచి దఫ్తరుకు పోయి, కొత్తగా వచ్చిన పెద్ద సాహెబు ముందు నిలబడి, పక్కా నౌకరీ తెచ్చుకోవడం. ఆరేళ్లుగా ఆయనది కచ్చా నౌకరీ. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. ఇప్పుడొక గుమాస్తా జాగా ఖాళీ అయింది. దానికి పోటీ ఇద్దరే: ఆయనా, పక్క బల్ల బాబురావూ. ఇద్దరినీ కళ్లతో చూసి ఒకరిని ఖాయం చేస్తానన్నాడు సాహెబు.

కొత్త షేర్వానీ అన్నాం గానీ అది ఎనిమిదేళ్ల పాతది. పెళ్లినాటి నల్ల షేర్వానీ ఎండకు ఎండి, వానకు నాని గోధుమరంగుకు దిగింది. రెండో ప్రపంచయుద్ధం మొదలై నాలుగేళ్లయింది. బజారులో గుడ్డ దొరకడం గగనమైంది. షేర్వానీ లేనిదే దఫ్తరు గడప తొక్కనివ్వరు. అందుకని ఆయన భార్య రాధాబాయి ఆ షేర్వానీని కుట్టు కుట్టూ విప్పి, గుడ్డను తిరగేసి, ఎండ మొహం చూడని లోపలివైపును పైకి తెచ్చి, పదకొండు రోజులు కూర్చుని మళ్లీ కుట్టింది. దర్జీకి ఇవ్వడమనే మాట ఆమె నోట రాలేదు.

రాధాబాయి పొదుపు ఆ గల్లీలో అందరికీ తెలిసిందే. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేది. పాత ధోవతి ఆమె చేతిలో ముందు తువ్వాలయ్యేది, తర్వాత మసిగుడ్డ, ఆ తర్వాత దీపం వత్తి. ఆ దీపం మసి పక్కింటి పసిపిల్లకు కాటుక. ఒక్క ధోవతికి ఇన్ని జన్మలుంటాయని శాస్త్రాలు చదివినవాళ్లకు కూడా తెలియదు.

"ఎట్లున్నది?" అన్నది రాధాబాయి, ఆఖరి దారం పళ్లతో తెంపుతూ.

"మస్తుగున్నది! పెండ్లికొడుకు లెక్కున్న," అన్నాడు విఠల్‌రావు అద్దంలో చూసుకుని. రుమాలు పెట్టుకుందామని ఎడమవైపు ఛాతీ తడిమాడు. అక్కడ జేబు లేదు. "రాధా, జేబేది?"

"కుడిదిక్కున్నది. గుడ్డ తిరగేసినంక ఎడమది కుడికి రాకుంట ఏడికి వోతది? గుండీలు గూడ అటువి ఇటయినయ్."

విఠల్‌రావు మొహం పాలిపోయింది. పోయినేడు లక్ష్మయ్య అనే గుమాస్తా ఇట్లాగే తిరగేసిన షేర్వానీతో వస్తే బాబురావు మొదటి రోజే కనిపెట్టాడు. 'కుడిజేబు' అని పేరు కూడా పెట్టాడు. ఆ పేరు భరించలేక లక్ష్మయ్య వరంగల్లుకు బదిలీ చేయించుకున్నాడు. ఆయన రైలు దిగేసరికి పేరు ముందే అక్కడికి చేరి ఎదురుచూస్తున్నది.

"జేబు ఊడదియ్యరాదు?" అన్నాడు దీనంగా.

"తీస్తే కోత కానొస్తది. షేర్వానీకి బొక్క వడ్డదనుకుంటరు. గింతదానికి ఫికర్ ఎందుకు? సాహెబు ముంగట కుడిచెయ్యి గిట్ల ఛాతీమీద పెట్టుకోండ్రి. మంచి అదబు తెలిసిన మనిషనుకుంటడు."

సలహా మంచిదే. పెద్దవాళ్ల ముందు చెయ్యి ఎదమీద పెట్టుకుని నిలబడడం హైదరాబాదులో మర్యాదే. అయితే ఆమె చెప్పింది సాహెబు ముందు. విఠల్‌రావు ముందుజాగ్రత్తగా తన గడప దగ్గరే మొదలుపెట్టాడు. ఎడమచేతిలో రొట్టెల డబ్బా, కుడిచెయ్యి ఛాతీమీద, తలమీద టోపీ. అట్లా బయలుదేరాడు.

గల్లీ మలుపులో పాలు పోసే మైసయ్య ఎదురయ్యాడు.

"ఏంది బాపు, రొమ్ము పట్టుకున్నవ్?"

"ఏం లేదు మైసయ్యా. ఊకెనే."

"ఊకెనే ఎవలన్న పట్టుకుంటరా? మా పెద్దబాపు గూడ గిట్లనే ఊకెనే అన్నడు. గా దినం పొద్దుగూకకముందే పోయిండు."

నిజం చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. కానీ మైసయ్య రోజూ నలభై ఇళ్లకు పాలు పోస్తాడు. పాలల్లో నీళ్లు కలుపుతాడేమో గానీ కబుర్లు మాత్రం చిక్కగానే పోస్తాడు. ఆ నలభై ఇళ్లలో బాబురావుది ఒకటి. విఠల్‌రావు నోరు మూసుకుని నడక పెంచాడు. నల్ల గుడ్డ, పొద్దుటి ఎండ, లోపల భయం. నాలుగడుగులకే మొహమంతా చెమట పట్టింది.

"అయ్యో, చెమటలు గూడ వడుతున్నయ్!" అని మైసయ్య కేక వేశాడు. "ఓ టాంగా భాయ్, ఠైరో!"

ఎనిమిదేళ్లలో విఠల్‌రావు టాంగా ఎక్కింది లేదు. కాళ్లుండగా గుర్రమెందుకని ఆయన వాదం. ఆ రోజు మాత్రం, ఒక చెయ్యి డబ్బాకూ ఒక చెయ్యి జేబుకూ సరిపోవడంతో, తోసేవాణ్ని ఆపడానికి మూడో చెయ్యి లేకపోయింది. మైసయ్య ఆయన్ను ఎత్తి టాంగాలో కూర్చోబెట్టి, పాలబిందెను పక్కన పెట్టి, తనే కిరాయి ఇచ్చి, చార్మినార్ దగ్గరున్న హకీం ఇంటిముందు దింపాడు.

లోపల బెంచీమీద కూర్చున్నది బాబురావు. రాత్రి తిన్న బిర్యానీ అరగక చూర్ణం కోసం వచ్చాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్లు, అతణ్ని చూడగానే విఠల్‌రావు చెయ్యి ఇంకా గట్టిగా ఛాతీకి అతుక్కుంది.

"విఠల్ భాయ్! ఏమైంది?" బాబురావు లేచి వచ్చాడు.

"ఊపిరాడుతలేదు బాపుకు," అన్నాడు మైసయ్య. ఆ మాట విఠల్‌రావు అనలేదు.

హకీం గారిది ఉర్దూ, మైసయ్యది తెలుగు. రోగం మాత్రం రెండు భాషల్లోనూ పెరిగింది. గుండె ఉండేది ఎడమవైపు, మరి ఈయన కుడివైపు పట్టుకున్నాడేమిటని హకీం గారు గడ్డం నిమురుకున్నారు. అయితే ఇది గుండె కాదు, ఊపిరితిత్తి అన్నారు. సరిగ్గా అప్పుడే పక్కగదిలో ఎవరో మిరియాలూ పిప్పళ్లూ దంచుతున్న ఘాటు గాలికి ఇటు వచ్చింది. విఠల్‌రావు దగ్గాడు. ఒకసారి కాదు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

"ఎన్ని దినాలసంది గీ దగ్గు?" అని బాబురావు నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పటిసందే!"

"అందరు గట్లనే అంటరు," అన్నాడు మైసయ్య విచారంగా.

హకీం గారు షేర్వానీ విప్పమన్నారు. చెయ్యి తియ్యకుండా, పక్కకు తిరిగి, ఎడమచేత్తో గుండీలు విప్పబోయాడు విఠల్‌రావు. ఎనిమిదేళ్లుగా ఒకవైపుకు అలవాటుపడిన వేళ్లు అవి. లేని చోట కాజాల కోసం వెతికి వెతికి వణికాయి. ఒక్క గుండీ కూడా ఊడలేదు. హకీం గారు బాబురావు వంక చూసి తల అడ్డంగా ఊపారు. క్షయరోగమేమో పరీక్ష చేయించాలని మెల్లగా అన్నారు.

బాబురావు చెడ్డవాడు కాదు. నోటిదురుసు ఎంతో జాలిగుండె కూడా అంతే. నిజానికి జాలిపడినప్పుడే అతనివల్ల ఎక్కువ నష్టం. చూర్ణం సంగతి మరిచి, కళ్లు తుడుచుకుంటూ దఫ్తరుకు పరుగెత్తాడు, తోటివాడికి ముందుగానే ఏదైనా సాయం చేద్దామని. అతణ్ని ఆపడానికి విఠల్‌రావు వెనకాలే పరుగెత్తాడు. విఠల్‌రావును ఆపడానికి మైసయ్య పరుగెత్తాడు, చంకలో పాలబిందెతో.

"బాపు, ఉరకకు! రక్తం కక్కుతవు!" అని మైసయ్య అరుస్తుంటే గాజుల దుకాణాలవాళ్లంతా బయటికొచ్చి చూశారు.

విఠల్‌రావు దఫ్తరు చేరేసరికి ఆయన బల్లా కుర్చీ వరండాలో ఉన్నాయి. ఆయన నీళ్లు తాగే గ్లాసును ఎవరో కాగితంతో పట్టుకుని కిటికీ అవతల పెట్టారు. ఆరేళ్లు భుజం భుజం రాసుకుని పనిచేసినవాళ్లు గోడకు అంటుకుని దారి ఇచ్చారు. అందరి కళ్లలోనూ ప్రేమే. ఆ ప్రేమ పదడుగుల దూరంలో ఆగిపోయింది.

"సాహెబు పిలుస్తున్నడు భాయ్," అన్నాడు బాబురావు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. "నేను అంతా చెప్పిన. నీకేం కాదు."

సాహెబు గదిలోకి పోగానే వంగి సలాం చెయ్యాలి. సలాం కుడిచేత్తోనే చెయ్యాలి. ఎడమచేత్తో చేస్తే అంతకంటే అవమానం లేదు. కుడిచెయ్యి తీస్తే జేబు బయటపడుతుంది. విఠల్‌రావు ఆలోచించి, మెరుపులా ఎడమచేతిని ఛాతీమీదికి మార్చి కుడిచేత్తో సలాం చేశాడు. డబ్బా సంగతి మరిచిపోయాడు. అది ధడాలున కిందపడి మూత ఊడింది. జొన్నరొట్టె ఒకటి దొర్లుకుంటూ వెళ్లి సాహెబు బూటు దగ్గర పడుకుంది.

"చూసిన్రా హుజూర్, చేతిల సత్తువ గూడ లేదు," అన్నాడు బాబురావు గుమ్మంలోనుంచి.

సాహెబుది ఉర్దూయే గానీ మనం తెలుగులోనే విందాం. ఆయన చాలా దయగా మాట్లాడాడు. "నీ పని బాగుందని విన్నాను విఠల్‌రావ్. జాగా నీకే ఇవ్వాలనుకున్నాను. కానీ ఈ జబ్బుతో ఎట్లా ఇస్తాను? జీతం లేని సెలవు రాస్తున్నాను. ఊరి బయట మంచి గాలి ఉన్నచోట కొన్నాళ్లు ఉండు. జాగా బాబురావుకు ఇస్తాను." అంటూ కలం సిరాలో ముంచాడు.

ఆ కలం మొనమీద ఆరేళ్ల ఆశ నిలబడింది. నిజం చెపితే 'కుడిజేబు', చెప్పకపోతే క్షయ. తన చేతికింద ఆ కుట్టు తగులుతున్నది. చీమలబారులా సన్నటి కుట్టు. పదకొండు రోజులు చిమ్నీ దీపం ముందు వంగి, సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని మళ్లీ కుట్టిన రాధాబాయి కళ్లముందు కనిపించింది. ఆమె అంత గర్వంగా తొడిగినదాన్ని తను పొద్దుటినుంచి దొంగసొత్తులా దాస్తున్నాడు. ఆయనకు సిగ్గేసింది. జేబును చూసి కాదు, తనను చూసుకుని.

చెయ్యి కిందికి దించాడు.

"హుజూర్, నా ఊపిరితిత్తులకు ఏం కాలే. షేర్వానీ తిరగేసి కుట్టినం. జేబు కుడిదిక్కుకొచ్చింది. నవ్వుతరని చెయ్యి అడ్డం పెట్టుకున్న. గంతే."

బాబురావు ముక్కుమీది రుమాలు జారింది. వరండాలోనుంచి మైసయ్య గొంతు వినిపించింది: "మరి నేను టాంగా కిరాయి ఎందుకిచ్చిన?"

సాహెబు లేచాడు. బల్ల చుట్టూ తిరిగి దగ్గరికొచ్చి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మెడపట్టీని వేళ్లమధ్య నలిపి చూశాడు. చంక కింద కుట్టును వెలుతురుకు పట్టి చూశాడు. తరువాత బాబురావును బయటికి పంపి తలుపు మూశాడు. విఠల్‌రావు లోలోపల దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాడు.

"ఏ దర్జీ కుట్టాడు?" అని గొంతు తగ్గించి అడిగాడు సాహెబు.

"దర్జీ కాదు హుజూర్. మా ఇంటామె."

"జేబొక్కటి తప్ప ఎక్కడా తెలియడం లేదు. ఇట్లా తిరగేసి కుట్టమని నేను ముగ్గురు దర్జీలను అడిగాను, ముగ్గురూ గుడ్డ చెడిపోతుందని చెప్పారు." కిటికీ వైపు చూశాడు. "నాకు కాదు. నాకు తెలిసిన ఒక పెద్దమనిషికి. మంచి మనిషి, పెద్ద హోదా. యుద్ధం కదా, పాపం, ఆయనకు కూడా గుడ్డ దొరకడం లేదు."

"తప్పకుంట హుజూర్. వారి కొలతలు?"

సాహెబు తన భుజాలవంక ఒకసారి చూసుకున్నాడు. "సుమారు నా అంతే ఉంటాడు," అన్నాడు.

ఆ సాయంత్రమే సర్కారీ డాక్టరు వచ్చి వెన్నుమీద తట్టి, ఈ మనిషి ఇంకో యాభై ఏళ్లు దగ్గకుండా పనిచేస్తాడని రాసిచ్చాడు. ఖాయం కాగితంమీద సాహెబు సంతకం పెట్టాడు. బల్లా కుర్చీ వరండానుంచి లోపలికొచ్చాయి. పొద్దంతా ఎండలో ఉండి మైసయ్య బిందెలోని పాలు విరిగిపోయాయి. రాధాబాయి వాటిని పారబొయ్యనివ్వక, ఇంట్లో ఉన్న బెల్లమంతా వేసి కలాకంద్ చేసి, కిరాయి కింద సగం మైసయ్య చేతిలోనే పెట్టింది.

మర్నాడు శుక్రవారం సెలవు. విఠల్‌రావు తలుపు తీసేసరికి చంకలో మూటతో బాబురావు నిలబడి ఉన్నాడు. చాలాసేపు గోడమీది బల్లిని చూశాడు.

"నన్ను మాఫ్ చెయ్ భాయ్. ఇగ ఎవలకు పేర్లు పెట్ట. లక్ష్మయ్యకు గూడ ఖతు రాసిన." మూట ముందుకు జరిపాడు. "ఇది నాది గాదు. మా బావమరిదిది. వదినెమ్మను జరంత తిరగేసి పెట్టమను."

విఠల్‌రావు నవ్వు ఆపుకుని మూట అందుకున్నాడు. ఆ నెలలో ఆ ఇంటికి ఇరవైమూడు షేర్వానీలు వచ్చాయి. బావమరుదులవీ, మేనమామలవీ, ఊళ్లో స్నేహితులవీ. తెచ్చినవాడిది మాత్రం ఒక్కటీ లేదు. ఊరకే కుట్టిస్తే బాగుండదని ప్రతివాడూ కూలీ ఇచ్చాడు. రాధాబాయి పక్కింటి సుశీలమ్మను కూడా సూది పట్టుకోమంది. రెండు ఇళ్లలోనూ పొయ్యిమీద పప్పు చిక్కబడింది.

తొలి సంపాదనతో భర్తకు అచ్చంగా కొత్త షేర్వానీ గుడ్డ కొనాలని రాధాబాయి పట్టుబట్టింది. దొరికిన ఒక్క తానునూ దుకాణదారు పరిచి మెరుపు చూపిస్తుంటే, ఆమె అంచు ఎత్తి వెనకవైపే చూసింది.