కిష్టమ్మోచ్ఛ్వాస సంఖ్యా విజయము

అద్దాల మేడల హైటెక్ నగరి తన సాఫ్ట్‌వేర్ సేనలకు ఆదివారపు సెలవొసగి కునుకు తీయుచుండ, ముంబయి రహదారిపై మాత్రము హారన్ల శంఖారావములు మిన్నుముట్టుచుండ, చందానగర్ బజారునకు ఆవల, మూడంతస్తుల భవనంబున, నడిమి అంతస్తున, ప్లాస్టిక్ కుర్చీయే సింహాసనముగా, ఒడిలో చిక్కుడుకాయల పళ్లెముతో కొలువుదీరిన డెబ్బైయేండ్ల కిష్టమ్మ యెదుట, ఆమె మనుమరాలును, నర్సింగ్ విద్యార్థినియు, మెడలో స్టెతస్కోపమున్నను మదిలో కోపమెరుగనిదియునగు జ్యోత్స్న సమరసన్నద్ధయై నిలిచెను. వినుడు! ఊపిరి బిగబట్టి వినుడు!

ఏమా సమరము? తెల్లవారిన, రోగి ఆరోగ్య పరిశీలనపై ప్రాక్టికల్ పరీక్ష. అందు జ్యోత్స్న యొకమారు ఓడినది. నాడి పట్టెను, బీపీ చూచెను. శ్వాస వంతు రాగానే "అంకుల్, మీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని ఉన్నమాట చెప్పి చెడెను. రోగికి తెలియనీయక నిమిషము నిండ లెక్కించుటయే కదా శాస్త్రము! ఆ అంకుల్ ఫొటోకు నిలిచినట్లు ఛాతీ విరిచెను. పరీక్షకురాలు మార్కులు విరిచెను. రేపును తప్పెనా, తోటివారెల్ల వార్డులకేగ, తానొక్కతెయే తరగతి గదిలో ప్లాస్టిక్ బొమ్మకు దుప్పటి మార్చుచు మిగులును.

"నానమ్మా, కదలకు."

"ఏం జేస్తున్నవే?"

అబద్ధమెరుగని ఆ నోరు మరల జారెను. "నీ ఊపిరి లెక్కపెడ్తున్న."

అంతట కిష్టమ్మ, మనుమరాలి మార్కులన్నియు తన ముక్కుపుటములందే యున్నవని తలచి, కొలిమితిత్తివలె బుసకొట్టసాగెను. చిక్కుడుకాయలు నేలరాలెను.

"నలభై రెండా! పన్నెండు, ఇరవై నడుమ ఉండాలె నానమ్మా!"

"ఇరవైతోని ఏం పాసైతవ్ బిడ్డా? ఇంకో యాభై తీస్త, రాస్కో. ఫికర్ జెయ్యకు!"

మూడుమార్లు దండయాత్ర, మూడుమార్లు భంగపాటు. అప్పుడా వీరవనిత మనసున నిట్లు గర్జించెను: "ఓసి శ్వాసా! విశ్వాసఘాతినీ! నాసికాదుర్గమున దాగి నా పరీక్షకే పరీక్షవైతివి! నేడు నిన్ను లెక్కింపకున్న రేపు నన్నెవ్వరును లెక్కచేయరు!"

ఇట్లు తలపోసి, అమ్ములపొదినుండి శరమట్లు పెట్టెనుండి థర్మామీటరు దూసెను.

"జ్వరం చూస్త. నాలిక కింద పెట్టుకో. నేను తియ్యమనేదాక నోరు తెరువద్దు."

కిష్టమ్మ నోరు మూతపడెను. ఆ యింట అది అపూర్వ ఘట్టము. జ్యోత్స్న అవ్వ మణికట్టు పట్టి, ఆ చేతిని ఆమె ఛాతీపై ఆనించి, నాడి చూచునట్లు నటించుచు, ఒక కన్ను గడియారముపై, ఒక కన్ను ఎదపై నిలిపెను. ఒకటి... రెండు... మూడు...

నలభై అయిదవ సెకను. హా విధీ! వాకిట బిందెతో పొరుగింటి సోమేశ్వరరావు, కోస్తానుండి వచ్చి స్థిరపడిన రిటైర్డు ఉద్యోగి!

"కిష్టమ్మగారూ, మంచినీళ్లు వదిలారాండీ?"

కాలనీ నీటివార్తలకు కిష్టమ్మయే ఆకాశవాణి. అడిగిన నీళ్ల ప్రశ్నకు ఆమె బదులీయని దినము లేదు. బుగ్గలుబ్బెను. థర్మామీటరు వణికెను.

"పలకరేంటండీ? నా మీద కోపమాండీ?"

కిష్టమ్మ ఎడమ చేయెత్తి అరచేయి చూపెను. సోమేశ్వరరావు బిందెతో సహా బిగుసుకుపోయెను. సెకన్ల ముల్లు పన్నెండు దాటెను!

థర్మామీటరు వెలికి వచ్చుటే తడవుగా, "ఇడ్సిండ్రు సారూ! ఎనిమిదింటికి బంద్ జేస్తరు, ఉరుకుండ్రి!" అని కేకవేసి, కిష్టమ్మ కొంగు సవరించుకొని కూర్చుండెను. "ఇగ ఊపిరి లెక్కపెట్టుకో బిడ్డా. నేను తయార్."

"అయిపోయింది నానమ్మా. పద్దెనిమిది!"

"గంతేనా! జర ముందే చెప్తే ఇంకో పది కలుపుతుంటి గద!"

పద్దెనిమిది అక్షౌహిణులు కూలిన యుద్ధములు కలవు గాక. పద్దెనిమిది ఊపిరులు చేజిక్కిన యుద్ధము ఇదియొక్కటే. దీనిని చదివినవారికిని, విన్నవారికిని, నిమిషమునకు పన్నెండు మొదలు ఇరవై వరకు శ్వాస నిరాటంకముగ ఆడుచుండుగాక!