బెంచీ మీద బ్యాగు

ఆ ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు కాలనీని ఉగ్రవాదుల నుంచి కాపాడాలని, తొమ్మిదిన్నరకు ఉప్మా తినాలని విశ్వేశ్వరరావు నిర్ణయించుకున్నాడు.

చైతన్యపురి వెనక ఉన్న ఆ చిన్న కాలనీకి అతను సంక్షేమ సంఘం అధ్యక్షుడు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం ఆ చప్పుడుకు అతని కిటికీ అద్దాలు అదిరాయి. మర్నాడే వెళ్ళి ఠాణాలో భద్రత అడిగాడు. "మనుషుల్లేరు సార్. బడ్జెట్ కోసిన్రు. ఉన్నోళ్ళంతా ఉద్యమం బందోబస్తుకే సరిపోతున్నరు. మీ జాగ్రత్తల మీరుండాలె," అన్నారు. పాపం, అతను ఆ మాట నమ్మాడు.

పాత నల్ల బ్యాగులో అలారం గడియారం పెట్టి, గేటు దగ్గరి సిమెంటు బెంచీ మీద ఉంచాలి. జనం దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టాలి. బాంబు కనబడితే ఏం చేయాలో నేర్పడానికి ఇదీ ఆ రోజు కసరత్తు. బ్యాగు పెట్టే పని భార్య లలితకుమారికి అప్పగించాడు. ఆవిడ "సరేనండీ" అంది గానీ, పొయ్యి మీద రవ్వ మాడుతుందని ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే సాధన గేటు దగ్గరికొచ్చింది. విశ్వేశ్వరరావు ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికుండే ఆర్టీసీ మెకానిక్ యెహెజ్కేలు కూతురు. పది గంటలకు వనస్థలిపురంలో ఆమెకు కానిస్టేబుల్ రాతపరీక్ష. పరుగులో నెగ్గింది, ఇదొక్కటే మిగిలింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఓటరు కార్డు మరిచిపోయానని గుర్తొచ్చి, తన నల్ల బ్యాగు బెంచీ మీద పెట్టి లోపలికి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి ఈల మోగుతోంది. బెంచీ చుట్టూ తాడు, తాడు చుట్టూ ముప్ఫైమంది.

"అంకుల్, అది నా బ్యాగు! పరీక్షకు పోవాలె, జర ఇయ్యండి."

విశ్వేశ్వరరావు ముఖం వెలిగిపోయింది. "చూశారా! ఎవరో ఒకరు ఇలాగే వచ్చి నాదే అంటారు. ఇవ్వకూడదు! భలే నటిస్తున్నావమ్మా!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"నటించుడు కాదంకుల్, అండ్ల హాల్‌టికెట్ ఉంది!" సాధన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ కన్నీళ్ళకి కూడా కరగకూడదు," అన్నాడు జనంతో.

యెహెజ్కేలు స్కూటర్ ఆపి వచ్చాడు. "ఏంది సార్ గిది? పిల్ల ఏడుస్తాంటే మీకు తమాషానా?"

అతని గొంతు విన్నాక చప్పట్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలోకి లలితకుమారి నడిచొచ్చింది, చేతిలో ఇంకో నల్ల బ్యాగుతో.

"ఏవండీ, ఇది ఇప్పుడు పెట్టనా?"

విశ్వేశ్వరరావు బెంచీ వంక చూశాడు, భార్య వంక చూశాడు. అతను నోరు తెరిచేలోపు ఆవిడ చేతిలో అలారం మోగింది. ఆవిడ కెవ్వుమని బ్యాగును విసిరేసింది. అది వెళ్ళి సాధన బ్యాగు పక్కన పడింది. ముప్ఫైమందీ నాలుగు దిక్కులా పరుగెత్తారు. ఆ పరుగులోనే ఎవరో వందకు ఫోన్ చేశారు.

రెండు నిమిషాల్లో ఠాణా నుంచి విశ్వేశ్వరరావుకు ఫోనొచ్చింది. "పొరపాటండీ," అన్నాడతను చెమటలు తుడుచుకుంటూ. "రెండూ మావే. బాంబూ లేదు, ఏమీ లేదు."

"మీరంటే ఎట్ల సార్? కంప్లైంట్ రికార్డయింది. మేమొచ్చి కాదని రాసేదాంక అది బాంబే. ఎవరన్న ముట్టిన్రంటే కేసైతది."

"మరి ఎప్పుడొస్తారు?"

"అందరు ఎల్బీనగర్ ర్యాలీల ఉన్నరు. జీపుల డీజిల్ లేదు. చూస్తం."

యెహెజ్కేలు తాడు దాటబోయాడు. "కేసు నా మీద రాసుకోమను. నౌకరి పోతే పోనీ!"

సాధన తండ్రి చెయ్యి పట్టుకుంది. "వద్దు డాడీ. మీ మీద అయినా నా మీద అయినా కేసు కేసే. పోలీస్ నౌకరి ఇచ్చేముందు ఇంటోళ్ళ సంగతంతా అడుగుతరు."

అతను ఆగిపోయాడు. తండ్రీ కూతుళ్ళు తాడు పక్కనే నిలబడ్డారు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో బ్యాగు. తొమ్మిదిన్నర అయింది, పది అయింది. నిమిషం ఆలస్యమైతే గేటు మూసే పరీక్ష అది. పదింపావుకి సాధన వాచీ చూడ్డం మానేసింది. లలితకుమారి ఉప్మా ప్లేటు పట్టుకొచ్చి, ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడింది.

పదకొండున్నరకు షేర్ ఆటోలోంచి మట్టయ్య అనే హోంగార్డు దిగాడు, లాఠీ ఒక్కటే పట్టుకుని. రెండు బ్యాగుల జిప్పులూ లాగాడు. ఒకదాన్లో గడియారం. రెండోదాన్లో రెండు పెన్నులు, పెరుగన్నం డబ్బా, హాల్‌టికెట్. 'బాంబు లేదు' అని కాగితం మీద రాసి విశ్వేశ్వరరావు చేత సంతకం పెట్టించుకున్నాడు.

"అన్నా, మళ్ళ నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తది?" అడిగింది సాధన.

"గిది పడెతందుకే నాలుగేండ్లయింది బిడ్డా," అన్నాడు మట్టయ్య, ఆమె ముఖం చూడకుండా.

విశ్వేశ్వరరావు చేతులు జోడించాడు. యెహెజ్కేలు కూతుర్ని స్కూటర్ ఎక్కించుకుని ఎటో తీసుకుపోయాడు. నెలాఖరుకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు.

ఆ తర్వాతి వారం సంఘానికి ఠాణా నుంచి ఉత్తరం వచ్చింది. కాలనీవాసుల అప్రమత్తత ఎంతో సంతోషం కలిగించిందనీ, ఇంతటి చైతన్యం ఉన్నచోట రాత్రిపూట తిరిగే పోలీసు బీటు గస్తీ అనవసరం కనుక ఎత్తివేస్తున్నామనీ అందులో ఉంది.

ఉత్తరం ఇచ్చి సంతకం తీసుకెళ్ళింది ఆ బీటు కానిస్టేబులే.