మేయరు పట్టుకున్న ఎర్ర తాడు

క్లిట్‌బ్యు పట్టణం తన వృద్ధులకు రెక్కలు తొడగబోతున్నదన్న శుభవార్త శనివారం పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. "సగం చేతులు, రెట్టింపు వెచ్చదనం" అని శీర్షిక. కింద మేయరు టోర్కిల్ బ్రాండ్‌స్ట్రప్ ఫొటో. అందులో ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు. రెక్కలు అక్కణ్ణించే దిగుతాయన్నట్టుంది ఆ చూపు.

విషయమేమిటంటే, ఆ ఊరి వృద్ధుల నివాసంలో గదిగదికీ పైకప్పుకి పట్టాలుంటాయి. పట్టాల మీద నడిచే మోటారు, దాని కింద అడ్డకడ్డీ, కడ్డీకి కొక్కేలు. లేవలేని మనిషి కింద గుడ్డ జోలె పరిచి, దాని పట్టీలు కొక్కేలకు తగిలించి రిమోటు నొక్కితే, మనిషి మంచం మీంచి లేచి, గాల్లో కాసేపు ప్రయాణించి, చక్రాల కుర్చీలో దిగుతాడు. పేరు హాయిస్టు. పట్టాలు పాతవే. మోటారూ పాతదే. కాకపోతే కిందటి వారం దానికి నీలం రంగు వేశారు. కొత్తదల్లా టోర్కిల్ ఆలోచన. ఇన్నాళ్ళూ ఇద్దరు ఆయాలు కలిసి చేసిన ఈ పని ఇకమీద ఒక్కరే చేస్తారు. రెండో ఆయాకి విముక్తి.

డెన్మార్కులో ఎన్నికలొస్తే నాయకులు ఆయాల్ని ఆయాలనరు, "వెచ్చని చేతులు" అంటారు. చేతులు తగ్గించి వెచ్చదనం పెంచవచ్చని కనిపెట్టిన మొదటి నాయకుడు మాత్రం టోర్కిలే. ఈ సంగతి సైన్సు పాఠాలు చెప్పే మాస్టర్లకి కూడా అప్పటిదాకా తెలియదు. శుక్రవారం సాయంత్రమే సోల్వై అనే ఆయా చేతిలో ఒక పూలగుత్తి పెట్టి, ఆమెకు విముక్తి కలిగించారు.

శనివారం మధ్యాహ్నం, మేయరు తరఫున పేపర్లతో మాట్లాడే పెర్నిల అనే అమ్మాయి నివాసానికొచ్చి గదులన్నీ చూసింది. డాగ్నీ గది దగ్గర ఆగింది.

"డాగ్నీ, నీ గదిలో వెలుతురు ఎంత బాగుందో!"

"వెలుతురు దేవుడిది. గది మునిసిపాలిటీది. నాకెందుకు చెప్తున్నావు?" అంది మంచం మీంచి డాగ్నీ.

డాగ్నీకి ఎనభై దాటాయి. ఒకప్పుడు ఊరి చర్చికి తాళాలు తీసి, గంట కొట్టి, బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా పోసిన మనిషి. రెండో తుంటి కూడా మొరాయించాక మంచం, కుర్చీ, మధ్యలో హాయిస్టు, అంతే ఆమె లోకం.

"రేపు ప్రారంభోత్సవం నీతోనే. టోర్కిల్ స్వయంగా నిన్ను లేపుతాడు."

"రేపు కుదరదు. పది గంటల ప్రార్థనలో మునిమనవరాలికి బాప్తిస్మం. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దాని బదులు 'అవును' అనవలసింది నేను. నేను లేకపోతే అనేవాళ్ళు లేరు."

"తొమ్మిదికి మొదలు, తొమ్మిదింబావుకి సమాప్తం. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టడమే కదా కార్యక్రమం! నీకు కావలసిందీ అదే, మాకు కావలసిందీ అదే."

దేవుడు ఒక్కోసారి మునిసిపాలిటీ చేత కూడా పని చేయిస్తాడు కాబోలు అనుకుని, డాగ్నీ ఒప్పుకుంది.

ఆదివారం తెల్లవారింది. అది డెన్మార్కులో మబ్బు వీడని నవంబరు నెల కాబట్టి అలా తెల్లవారిందని నమ్మాలి. కిటికీ బయట దీపస్తంభానికి కట్టిన పోస్టర్లోంచి టోర్కిల్ నవ్వుతున్నాడు. కొన్ని వారాలుగా డాగ్నీ తెర వేసుకున్నా ఆ నవ్వు ఆగలేదు. తొమ్మిదికి అసలు టోర్కిలే అధికారుల్నీ, పెర్నిలనీ, కెమెరా పట్టుకున్న పేపరాయన్నీ వెంటబెట్టుకుని గదిలోకొచ్చాడు. బల్లమీద కేకు, కేకు నిండా చిన్న చిన్న జెండాలు. డాగ్నీని చర్చికి తీసుకెళ్ళడానికొచ్చిన టాక్సీ డ్రైవరుకి కూడా కాఫీ ఇచ్చి, పాట కాగితం చేతిలో పెట్టి గోడవార నిలబెట్టారు.

పాట లేకుండా అక్కడ ఏ శుభకార్యమూ జరగదు. తెలిసిన బాణీకి కొత్త మాటలు కట్టి, కాగితాలు పంచి, అందరూ కలిసి పాడతారు. మొదలుపెడితే చివరి చరణం దాకా పాడవలసిందే. మధ్యలో వెళ్ళిపోవడం మర్యాద కాదు. ఈ పాటని పట్టణ ప్రణాళికా విభాగం రాసింది. అందుకని చరణాలు కాగితం రెండు పక్కలా ఉన్నాయి.

మెరెటె అనే ఆయా, విముక్తి దొరకని ఆయా, జోలె కుట్లు వేలితో తడిమి చూసింది. బ్యాటరీ చూసింది. కుర్చీకి బ్రేకు వేసింది.

"ఇవన్నీ నిన్ననే చూసుకోవలసింది, మెరెటె," అన్నాడు టోర్కిల్.

"నిన్న తెగలేదు కాబట్టి ఇవాళ తెగనని జోలె నాకు మాటివ్వలేదు, టోర్కిల్."

జోలె ప్రతి పట్టీకీ చివర, కొక్కేనికి తగిలించే రంగురంగుల కొసలుంటాయి. ఒక్కో రంగు ఒక్కో పొడవు. వాటిలో నీలం పెర్నిల కంట పడింది. నీలం టోర్కిల్ పార్టీ రంగు, అంటే కుడిపక్షం రంగు.

"కెమెరా వైపు నీలం తగిలించు టోర్కిల్! అవతలి వైపు ఏదైతేనేం, ఫొటోలో పడదుగా."

టోర్కిల్ స్వహస్తాలతో తగిలించి రిమోటు అందుకున్నాడు.

"జానెడు లేపి ఆగు. సరిగ్గా ఉందో లేదో చూడకుండా పైకి పోకూడదు," అంది మెరెటె.

జానెడు లేచేసరికి డాగ్నీ ఒక పక్కకి ఒరిగిపోయింది.

"ఎడమకి ఒరుగుతున్నాను, టోర్కిల్," అంది డాగ్నీ. "ఎన్నికల ముందు మీ పార్టీకి ఇది మంచిది కాదు."

వెంటనే దింపించారు. మెరెటె రెండు వైపులా ఒకే రంగు తగిలించింది. మళ్ళీ జానెడు, మళ్ళీ ఆగడం, ఆ తర్వాత డాగ్నీ మోకాలి మీద ఒక చెయ్యి వేసి నడిపించుకుంటూ వెళ్ళి కుర్చీలో కుదురుగా దించింది. చర్చికి వేసుకునే కోటు, టోపీ అన్నీ ముందే వేసుకుని ఉంది డాగ్నీ. గడియారం వంక చూసింది. ఇంకా చాలా టైముంది. మనసులో దేవుడికీ, మునిసిపాలిటీకీ, అదే వరసలో దండం పెట్టుకుంది.

"ఫొటోలో టోర్కిల్ లేడే," అన్నాడు పేపరాయన. "డాగ్నీ మోకాలు అడ్డొచ్చింది."

అందరూ డాగ్నీ వంక చూశారు.

"నేనిక మంచం ఎక్కను," అంది డాగ్నీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

అప్పుడు టోర్కిల్ చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్నాడు. "నేనే కూర్చుంటాను. ప్రజలెక్కే ఉయ్యాల నాయకుడు ఎక్కి చూడకపోతే ఎలా?"

చప్పట్లు మోగాయి.

"నీ బరువెంత?" అడిగింది మెరెటె.

"పేపరు వాళ్ళ ముందా!"

"జోలెకి సైజుంటుంది టోర్కిల్. డాగ్నీ జోలెలో నువ్వు పట్టవు."

ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పాడు. మెరెటె అన్నిటికన్నా పెద్ద జోలె తెచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి, పట్టీలు తగిలించి, "చేతులు గుండె మీద కట్టుకో. దేన్నీ పట్టుకోకు," అంది. రిమోటు మాత్రం ఆయన ఇవ్వలేదు.

"జానెడు చాలు," అంది మెరెటె.

"ఇంకా పైకి!" అంది పెర్నిల. "కిటికీలోంచి పోస్టరు కనపడాలి. ఇద్దరు టోర్కిల్‌లూ పక్కపక్కన రావాలి!"

టోర్కిల్ పైకి లేచాడు. గదిలో అందరూ పాట అందుకున్నారు.

"పైకి లేతురు పెద్దలు, మా పెద్దలు పైకి లేతురు,
పైకి లేవదు పన్ను, మా పన్ను పైకి లేవదు..."

అంత ఎత్తుకి వెళ్ళాక మనిషన్నవాడికి ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది. మోటారు నుంచి ఒక ఎర్ర తాడు వేలాడుతోంది. బస్సులో నిలబడ్డవాడు పైపట్టీ పట్టుకున్నట్టు, టోర్కిల్ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పైన టక్కుమంది. హాయిస్టు ఆగిపోయింది. ప్రమాదమొస్తే మోటారు ఆపడానికి పెట్టిన తాడది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

పాట మాత్రం ఆగలేదు.

"రిమోటు పలకడం లేదు," అన్నాడు టోర్కిల్, నవ్వు చెదరకుండా, పళ్ళ మధ్య నుంచి.

"పలకదు. నువ్వు ఎర్ర తాడు లాగావు. ఇక చేత్తో దింపాలి."

"దింపు మరి!"

"ఒకరు అదే తాడు కొంచెం కొంచెం లాగుతూ దించాలి. ఒకరు నిన్ను పట్టుకుని మంచం మీదికి చేర్చాలి. ఇద్దరం కావాలి."

"రెండోదాన్ని పిలువు!"

"నువ్వు విముక్తి ఇచ్చావుగా."

టోర్కిల్ అధికారుల వంక చూశాడు. "వీళ్ళంతా ఎందుకున్నట్టు?"

"హాయిస్టు శిక్షణ మీలో ఎవరికుంది?" అని మెరెటె గట్టిగా అడిగింది. అధికారులంతా కాగితాల్లోకి తలలు వంచి ఇంకా భక్తిగా పాడసాగారు.

"ఫైరింజన్ని పిలుద్దామా?" అంది మెరెటె.

"వద్దు!" అంది పెర్నిల. "ఫైరింజన్ వస్తే దాని వెనకాల టీవీ వాళ్ళొస్తారు."

మునిసిపాలిటీ రిపేరు విభాగానికి ఫోను చేశారు. ఫోన్లో ఒక నిండైన కంఠం పలికింది. "నేను టోర్కిల్‌ని. మీ ఇబ్బంది నా ఇబ్బంది. ఆదివారం మా సిబ్బంది కుటుంబాలతో గడుపుతున్నారు. దయచేసి సోమవారం..." పైన ఉన్న టోర్కిల్, తను రికార్డు చేసిన ఆ సందేశం చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

మెరెటె సోల్వైకి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది.

"ఇక్కడ ఒకాయన వేలాడుతున్నాడు, వస్తావా?"

"ఎవరు?"

"టోర్కిల్."

"జోలె సరైన సైజేనా?"

"సరైనదే. ఒకే రంగు తగిలించాను."

"అయితే ఫర్లేదు. నేను చర్చిలో ఉన్నాను. మొదటి గంట కొడుతున్నారు, ఫోను ఆపేస్తున్నా."

ఆ గంట డాగ్నీకి కిటికీలోంచి కూడా వినపడింది. ఎన్నో ఏళ్ళు తన చేత్తో కొట్టిన గంట. పదికి ఇంకెంత సేపుందో దాని చప్పుడును బట్టే చెప్పగలదు. డ్రైవరు వంక చూసింది. డ్రైవరు చరణంలో ఉన్నాడు. కాగితం ఇంకా రెండో పక్కకి తిరగలేదు. గుమ్మం నిండా అధికారులు.

"టోర్కిల్! పాట ఆపించు. నేను వెళ్ళాలి."

"నా ప్రారంభోత్సవం పాట నేనే ఆపితే పేపర్లో ఏం రాస్తారు, డాగ్నీ?"

"ఆపకపోతే మా పిల్ల బదులు 'అవును' అనేవాళ్ళుండరు. నీకూ దిగే దారి ఉండదు. ఫోను ఆపేసిన సోల్వైని ఇప్పుడు ఇక్కడికి తీసుకురాగలిగేది నేనొక్కదాన్నే."

టోర్కిల్ ఆలోచించాడు. రెక్కలు తొడల దగ్గర కొంచెం బిగుతుగా ఉన్నాయి. ఆపండన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు.

నాయకుడు చేతులెత్తితే అక్కడ ఒకటే అర్థం. జయజయధ్వానాలకి వేళయిందని. గదంతా ఒక్కసారిగా "హుర్రే!" అంది. మూడేసి చొప్పున మూడుసార్లు అంది. హుర్రేలు అయ్యాక పాట అయిపోయినట్టే. మిగిలిన చరణాలు ఎవరూ అడగరు. డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని డాగ్నీ కుర్చీ బ్రేకు తీశాడు.

"నువ్వు వెళ్ళు," అంది మెరెటె. "గాల్లో ఉన్న మనిషిని వదిలి నేను రాకూడదు." అంటూ టోర్కిల్ మోకాలి మీద చెయ్యి వేసి నిలబడింది.

చర్చిలో పాస్టరు తొట్టి దగ్గరికి నడుస్తున్నాడు. పొడుగాటి తెల్లగౌనులో పసిదాన్ని తెచ్చి డాగ్నీ ఒళ్ళో పెట్టారు. పాపాయి ఎంత తేలిక! తనని లేపడానికి మోటారు కావాలి, దీన్ని లేపడానికి ఊపిరి చాలు. డాగ్నీ ఒక వేలు నీళ్ళలో ముంచి చూసింది. గోరువెచ్చగానే ఉన్నాయి.

"సాతానునూ, వాడి పనులన్నిటినీ విడిచిపెడుతున్నావా?" అని పాస్టరు పిల్లని అడిగాడు.

"అవును," అంది డాగ్నీ, ఆఖరి బెంచీకి కూడా వినిపించేలా.

తర్వాత పక్క బెంచీలో ఉన్న సోల్వై చెయ్యి పట్టుకుంది. "టోర్కిల్ ఇంకా వేలాడుతున్నాడు."

"మెరెటె ఉందిగా. ఆశీర్వచనం కానీ."

ఆశీర్వచనం అయ్యింది. పక్క హాల్లో కాఫీ వాసన గుప్పుమంది.

"కాఫీ?" అంది సోల్వై.

ఒక మనిషి గాల్లో వేలాడుతుంటే కాఫీ తాగడం క్రైస్తవ ధర్మమేనా అని డాగ్నీ తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకుంది.

"సగం కప్పు," అంది.

వాళ్ళు వచ్చేసరికి గదిలో టోర్కిల్, మెరెటె మాత్రమే ఉన్నారు. అధికారులు వెళ్ళిపోయారు, కేకూ వెళ్ళిపోయింది. మెరెటె చెయ్యి ఇంకా ఆయన మోకాలి మీదే ఉంది. సోల్వై కోటు విప్పి ఆయన భుజం పట్టుకుంది. మెరెటె తాడు నడిపింది. టోర్కిల్ కొద్దికొద్దిగా భూలోకానికి దిగాడు.

"మీ చేతులు వెచ్చగా ఉన్నాయే!" అన్నాడు ఆశ్చర్యంగా.

పేపరాయన అప్పటికే వెళ్ళిపోవడం వల్ల ఆ మాట ఎక్కడా అచ్చు కాలేదు.

సోమవారం పేపర్లో "ఒక్కరే ఆయా, ఒక్క ఫిర్యాదూ లేదు" అని శీర్షిక వచ్చింది. కింద గాల్లో టోర్కిల్, కిటికీ బయట పోస్టర్లో టోర్కిల్, ఇద్దరూ నవ్వుతూ. ఆయన మంచి మెజారిటీతో గెలిచాడు. గెలిచిన వెంటనే, అనుభవం నేర్పిన పాఠాన్ని మరవని ఆ నాయకుడు, భద్రత దృష్ట్యా కొత్త నిబంధన తెచ్చాడు. జోలెలో ఉన్నది ప్రజలెన్నుకున్న ప్రతినిధి అయితే ఇద్దరు ఆయాలు తప్పనిసరి. మిగతావారికి ఒక్కరు చాలు.

నివాసానికి సొంతంగా ఒక సలహా సంఘం ఉంది. ఓట్లు వేసి ఎన్నుకోవాలని మునిసిపాలిటీ చట్టంలోనే ఉన్నా, ఇన్నేళ్ళుగా దానికి ఎవరూ నిలబడలేదు. ఆ శీతాకాలం డాగ్నీ నిలబడింది. ఎదురుగదిలో ముసలాయన నిలబడ్డాడు. మంచం దిగలేని వాళ్ళందరూ నిలబడ్డారు. సభ్యులు ఎంతమంది ఉండవచ్చో చట్టంలో రాయడం ఎవరో మర్చిపోయారు. అందరూ అందరికీ ఓటేశారు. అందరూ గెలిచారు.

ఈ వయసులో ఇంతటి ప్రజాసేవాతత్పరత దేశానికే ఆదర్శమని టోర్కిల్ కొనియాడి, జెండాలు గుచ్చిన కేకు పంపాడు.

మొదటి సమావేశం రోజు పొద్దున మెరెటె ఒక వైపు, మళ్ళీ పనిలోకి పిలిపించుకున్న సోల్వై ఒక వైపు నిలబడ్డారు. ఒకే రంగు కొసలు తగిలించి, జానెడు లేపి ఆగారు.

"సభ్యురాలికి సుఖంగా ఉందా?" అడిగింది సోల్వై.

"ఉంది," అంది డాగ్నీ చేతులు గుండె మీద కట్టుకుని. "పోనివ్వండి. నా తర్వాత ఇంకా బోలెడంతమంది ప్రతినిధులున్నారు."