ప్రామాణిక మోకాలు

వాన పడటానికి ఒక మబ్బు చాలు. పడిన వాన వీధిలోంచి బయటికి పోవాలంటే మాత్రం పదకోశం కావాలి. ఈ సంగతి తెలియని అమాయకులు కాలువలో పూడిక తీయించమని ఇంకా అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నారు.

అలాంటి అమాయకురాలే పల్లపు వీధి టైలరమ్మ. ఆమె కొట్టు ముందు కాలువలో బురద పేరుకుపోయి, దాని మీద గడ్డి మొలిచి, చూడటానికి ముచ్చటగా ఉంటుంది (నగర పచ్చదనం లెక్కల్లో దాన్ని కలిపేశారని వినికిడి). పోయినేడాది వానలకు నీళ్లు కొట్టులోకి వచ్చి కుట్టు మిషను మోటారు కాలిపోయింది. బడిపిల్లల యూనిఫారాల గుడ్డంతా నానిపోయింది. ఈసారి కూడా మిషను పోతే కొట్టు మూసుకోవాల్సిందే. వానలకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి. ఆ దిగులుతో ఆమె మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి నగర కార్యాలయం మూడో అంతస్తు ఎక్కింది.

అక్కడ వాతావరణ మార్పుల అనుకూలన విభాగం ఉంది. దాని పదకోశాధికారి మహా మర్యాదస్థుడు. ముందు కుర్చీ చూపించాడు.

“పూడిక తీయడానికి మాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ దానికి ప్రణాళిక ఉండాలి. ప్రణాళిక రాయాలంటే అందులో పదాలకి అర్థాలు తేలాలి. మొత్తం నలభై మూడు పదాలు. నలభై ఒకటి తేల్చేశాం.”

“మిగతా రెండూ ఏంటండీ?”

“వరద, అనుకూలనం. అనుకూలనం అంటే మారిన వానలకి తగ్గట్టు మనం మారడం అన్నమాట. దానికి ఉదాహరణ దొరకట్లేదు. వరద దగ్గరేమో మోకాలు అడ్డొచ్చింది.”

నిజమే. మోకాలు మునిగితే వరద అని పదకోశ సంఘం తొలి సమావేశంలోనే చప్పట్ల మధ్య తీర్మానించింది. ఎవరి మోకాలు అన్న ప్రశ్న రెండో సమావేశంలో పుట్టింది. అప్పటికీ ఇప్పటికీ ఎనిమిది నెలలు (మధ్యలో టీలు తప్ప వేరే అంతరాయం లేదు).

“కొలిస్తే పోదా?” అంది టైలరమ్మ, మెడలోంచి టేపు లాగుతూ.

ఈ ఆలోచన సంఘంలో ఎవరికీ రాలేదు. పావుగంటలో ఏడుగురు సభ్యులూ ప్యాంట్లు పైకి మడిచి గోడ పక్కన వరసగా నిలబడ్డారు. ఎండ మొహం చూడని ఆ ఏడు జతల కాళ్లనూ చూసేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. దగ్గినట్టు నటిస్తూ ఒక్కొక్కరినీ కొలిచింది. పదహారు అంగుళాల నుంచి ఇరవై రెండున్నర దాకా వచ్చాయి. సగటు తీద్దామన్నాడు ఇంజినీరు. అధ్యక్షుడి మోకాలిని గుమాస్తా మోకాలితో కలిపి సగటు తీయడం సర్వీసు నిబంధనలకు విరుద్ధమని పదకోశాధికారి గుర్తుచేశాడు. ఆ విధంగా ఆరడుగుల నాలుగంగుళాల అధ్యక్షుడి మోకాలు ప్రామాణిక మోకాలుగా ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

“పోయినేడాది మీ కొట్లోకి ఎంత వచ్చిందమ్మా?” అని అడిగాడు పదకోశాధికారి.

“పంతొమ్మిది అంగుళాలండీ. గోడ మీద గీత ఇంకా అలాగే ఉంది.”

ఆయన జాలిగా తల ఊపాడు. “అయితే అది వరద కాదమ్మా. తేమ.”

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. “తేమకి మోటారు కాలిపోతుందా?”

“అతి తేమ,” అని సవరించాడాయన (సానుభూతితో చేసిన సవరణ కనుక కాగితం మీద పెట్టలేదు).

ఇక వీళ్లతో పెట్టుకుంటే లాభం లేదనుకుని ఆమె నేరుగా వడ్రంగి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమె అక్క మొగుడే.

“బావా, నా మిషను నడుమెత్తు బల్ల మీదకి ఎక్కించాలి. తొక్కుడూ స్టూలూ కూడా పైనే ఉండాలి.”

“కుడతావా, మంచె మీద కూర్చుని పిట్టలు తోలతావా?”

“నవ్వు, నవ్వు. నీ చొక్కా బొత్తాలకి మళ్లీ నా దగ్గరికే వస్తావుగా.”

బావ నవ్వుతూనే రెండు రోజుల్లో బల్ల చేసి, నాలుగు మెట్ల నిచ్చెన కూడా బిగించి పెట్టాడు.

వానలొచ్చాయి. నీళ్లు పోయినేడాది గీతను గుర్తుపట్టినట్టు సరిగ్గా అక్కడికే వచ్చి ఆగాయి. టైలరమ్మ ఫ్యాను ఆపేసి, దాని రెక్కల కింద తల వంచుకుని, పైన కూర్చుని కుట్టసాగింది. కింద నీళ్లలో నిలబడిన తల్లులు యూనిఫారం గుడ్డలు పైకి అందించి, కుట్టినవి అందుకుని పోతున్నారు.

మూడో రోజు సంఘం తనిఖీకి వచ్చింది. అధ్యక్షుడి మోకాలు పొడిగా ఉంది. మిగతా ఆరుగురివీ మునిగాయి (కానీ అవి గుర్తింపు పొందిన మోకాళ్లు కావు). తలెత్తి బల్ల చూడగానే పదకోశాధికారి నీళ్లలోనే చిన్న గంతు వేశాడు.

“దొరికిందండీ! ఇదే అనుకూలనం!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. నలభై మూడో పదం అక్కడికక్కడే ఖరారైంది. టైలరమ్మకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

“అన్నీ తేలిపోయాయిగా సార్. రేపే పూడిక తీయిస్తారా?”

“పూడికతీత దుర్బల వీధులకమ్మా. మీది అనుకూలనం పూర్తయిన వీధి.”

టైలరమ్మ మిషను ఆపేసింది. పదకోశాధికారి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

“ఒక్క మనవి. బల్ల దించకండి, ఆ కాలువ జోలికి ఎవర్నీ రానివ్వకండి. ఈ నీళ్లు పోయాయంటే మళ్లీ ఉదాహరణ వెతుక్కోవాలి.”