ఆఖరి గది ముందు బూట్లు

నవ్వితే నవ్వండి కానీ, ముందు నా గ్లాసులో కాస్త సాకే పోసి నవ్వండి. నేను టీవీలో గెలిచిన కథ ఇది. గెలిచానంటే... సరే, వినండి.

ఓ ఆదివారం మా ఆవిడ ఫుసాయే నా వీడియో గేమ్ మెషిన్ దుమ్ము దులుపుతోంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. ఎందుకని అడిగాను.

"శనివారం పాతసామాన్లవాడు వస్తాడు," అంది.

"అందులో నా యవ్వనమంతా ఉందే!"

"అలాగా! ఇంట్లో ఎక్కడా కనబడలేదేమా అనుకుంటున్నా."

అప్పుడే ఒసాకా టీవీలో 'మనిషే బొమ్మ' పోటీ ప్రకటన వచ్చింది. జంటగా ఆడాలి. ఒకరు అద్దాల గదిలో కూర్చుని మైకులో దారి చెప్పాలి. రెండోవాళ్లు హెల్మెట్ పెట్టుకుని, గేములో బొమ్మలా ఉరకాలి. మూడు ప్రాణాలు. దెబ్బలు మా ఆవిడకి, పేరు నాకు. ఇంతకంటే ఏం కావాలి?

"పందెం! ఓడితే మెషిన్ పాతసామాన్లకి. గెలిస్తే గెలిచినవాళ్లది."

"గెలిచినవాళ్లదే కదా?" రెండుసార్లు అడిగింది. నాకు అనుమానం రావద్దూ? రాలేదు.

పోటీలో "ఎడమకి!" అన్నాను. ఎడమవైపు బురదగుంట. "కుడికి!" అన్నాను. అటూ బురదే. రెండు ప్రాణాలు గోవిందా.

"ఇక మీరు నోరు మూసుకుని కూర్చోండి," అని హెల్మెట్‌లోంచి వినిపించింది. ఆ తర్వాత తను దొర్లే పీపాల మధ్య నుంచి, మార్కెట్లో రద్దీ తోసుకుపోయినట్టే పోయింది.

చివరికి తాతామి చాపలు పరిచిన గది, లోపల గంట. అది కొడితే గెలుపు. వెనకే దూసుకొస్తున్నాడొక కుర్రాడు. వాడికి నేను బుల్లెట్ రైలని పేరు పెట్టాను. మా ఆవిడేమో తాపీగా గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతోంది!

"ఏం చేస్తున్నావే! అలాగే ఎక్కెయ్!"

"బూట్లతోనా? చాపల మీదా? మతి ఉందా మీకు?"

"అది ఆటే! నిజం గది కాదు!"

"చాపలు నిజమైనవేగా!"

బూట్లు విప్పింది. ముందుభాగం బయటికి తిప్పి, వరసగా పెట్టింది. ఈలోగా బుల్లెట్ రైలు బూట్లతోనే లోపలికి దూకాడు. చాప కింద తలుపు తెరుచుకుంది. వాడు బురదలో తేలాడు.

"బూట్లతో ఎక్కితే ఆట ఖతం!" అని యాంకర్ అరిచాడు. ఫుసాయే మేజోళ్లతో చల్లగా నడిచి వెళ్లి గంట కొట్టింది. జనమంతా లేచి నిలబడ్డారు. నేనైతే అద్దం మీద బాదుతూ ఏడ్చేశాను. నా పెళ్లాం అంటే అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

"మీ గెలుపు రహస్యం?" అని యాంకర్ మైకు నాకిచ్చాడు. గొంతు సవరించుకున్నాను. ఆవిడ మైకు లాక్కుంది.

"పద్దెనిమిదేళ్లుగా ఈయన గుమ్మంలో విసిరేసిన బూట్లు సర్దుతున్నానండీ. ఇవాళ నా జత ఒక్కటేగా, చిటికెలో అయిపోయింది."

మెషిన్ ఇంట్లోనే ఉంది. కాకపోతే ఆవిడది. నాకు వారానికి మూడు ప్రాణాలు. గుమ్మంలో బూట్లు వంకరగా ఉన్నప్పుడల్లా ఒకటి పోతుంది. మూడూ పోతే ఆ వారం గేమ్ లేదు. ఈ వారం రెండు పోయాయి, ఇవాళ ఇంకా మంగళవారమే.

అదిగో, ఈ సాకే కొట్టు గుమ్మంలో మీ అందరి బూట్ల మధ్య తిన్నగా తిప్పి పెట్టిన జత ఉంది చూడండి. అది నాదే. సాధన చేస్తున్నాను.